ఇంకో అరగంట

మైకు ముందు నిలబడి విమానం ఆలస్యమని చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఈమధ్య అదే పెద్ద భాగమైంది. జగదల్‌పూర్ నుంచి హైదరాబాదు వెళ్ళే చిన్న విమానం కోసం కూర్చున్నవాళ్ళకు ముందు హిందీలో, తర్వాత ఇంగ్లీషులో, చివర తెలుగులో చెబుతాను. ఆ తెలుగు కోసమే నన్ను ఈ పనిలోకి తీసుకున్నారు. నేను పుట్టింది తెలుగు నేల అంచున ఉన్న కోంటాలో. మా నాన్నకు అక్కడ కిరాణా దుకాణం ఉండేది. చింతపండు, ఇప్పపువ్వు కూడా కొనేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, దుకాణానికి వచ్చే పల్లెల వాళ్ళతో దోర్లీ. పెళ్ళయి జగదల్‌పూర్ వచ్చాక కూరగాయల బజారులో హల్బీ అబ్బింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, నలభై దాటాక, ఈ భాషల పుణ్యమా అని నాకో ఉద్యోగం దొరికింది.

చేరిన కొత్తలో కూడా విమానం ఆలస్యంగానే వచ్చేది. అది ఇంకెక్కడో రెండు ఊళ్ళు తిరిగి, హైదరాబాదులో మనుషుల్ని ఎక్కించుకుని, మా దగ్గరికి రావాలి. దారిలో ఎక్కడ చిక్కుకున్నా మా ఊరికి ఆలస్యమే. అయితే వచ్చేది. అప్పట్లో నగరంలోని మా కంపెనీ ఆఫీసు నుంచి ఉన్నదున్నట్టు కబురు వచ్చేది: ఇంకా బయలుదేరలేదు, మధ్యాహ్నం దాటుతుంది అని. నేను అదే చెప్పేదాన్ని. ఊళ్ళోవాళ్ళు ఇంటికి వెళ్ళి భోంచేసి వచ్చేవారు. దూరం వాళ్ళు కాంటీన్‌లో కూర్చునేవారు. కాంటీన్ నడిపే ఆమె నాకంటే పెద్దది, హల్బీ తప్ప వేరే మాట్లాడితే చిరాకు పడేది. ఆలస్యమని తెలియగానే మినప్పిండి రుబ్బి వేడివేడిగా వడలు వేసేది, టమాటా పచ్చడితో. జనం గొణుక్కునేవాళ్ళు, తిట్టేవాళ్ళు, వడలు తినేవాళ్ళు. సాయంత్రానికి హైదరాబాదులో ఉండేవాళ్ళు.

ఆ రోజుల్ని గొప్పవని చెప్పడం లేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక తల్లి సాయంత్రం దాకా కూర్చుంటే, కంపెనీ తరఫున ఒక నీళ్ళ సీసా కూడా ఇచ్చినవాళ్ళు లేరు. మేమే తెచ్చి ఇచ్చాం. కాబట్టి ప్రభుత్వం నియమాలు గట్టిగా అమలు చేస్తుందట అని మా మేనేజరు చెప్పిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

మేనేజరంటే కాకినాడ వైపు కుర్రవాడు. పెళ్ళి కాలేదు. నన్ను అక్కా అంటాడు. కంప్యూటరు ముందు కూర్చుని చదివి వినిపించాడు. ఆలస్యం ఒక హద్దు దాటితే తిండి పెట్టాలి. ఇంకా దాటితే వేరే విమానమైనా చూపించాలి, డబ్బయినా తిరిగివ్వాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా ఇవ్వాలి. వాతావరణంలాంటివి కంపెనీ చేతిలో లేవు కనక వాటికి పరిహారం ఉండదు. ఆలస్యాల లెక్క నెలనెలా పైకి పంపాలి.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయనకు బజారులో చెప్పుల దుకాణం. "అయితే ఇకనించి మీ విమానం వేళకు వస్తదన్నమాట" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదట మారింది నేను చదివే మాట. ఇదివరకు మధ్యాహ్నం దాటుతుంది అని ఒక్కసారే వచ్చే కబురు ఇప్పుడు ముక్కలుగా రావడం మొదలైంది. అరగంట ఆలస్యం. ఆ అరగంట అయ్యాక ఇంకో అరగంట. దాని తర్వాత మరొకటి. విమానం ఇంకా హైదరాబాదులో కూడా లేదని, ఎక్కడో ఇంకో ఊళ్ళో ఉందని మా కంప్యూటరు తెర మీద కనబడుతూనే ఉండేది. నేను మాత్రం అరగంట అని చెప్పాలి. అడిగితే మేనేజరు దాచకుండా చెప్పాడు.

"పెద్ద ఆలస్యమని పొద్దున్నే చెప్పామనుకోండి అక్కా, అప్పుడే అందరికీ డబ్బు వాపసు కావాలా, వేరే విమానం కావాలా అని అడగాలి. అరగంట అంటే ఏమీ అడగక్కర్లేదు. అరగంటలు ఎన్నయినా అరగంటలే కదా."

దాంతో అందరూ కుర్చీల్లోంచి లేవడం మానేశారు. అరగంటలో ఇంటికి వెళ్ళి ఎవరొస్తారు? పోనీ కాంటీన్‌కైనా వెళ్తారా అంటే అదీ లేదు. హద్దు దాటగానే కంపెనీ తిండి ఇస్తుందని అందరికీ తెలుసు. ఆ తిండి నగరం నుంచి అట్టపెట్టెల్లో వచ్చేది: ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఒక కేకు ముక్క, ఒక రసం డబ్బా. వాటిని పంచుతున్నప్పుడు కాంటీనామె గడపలో నిలబడి చూసేది. కొన్నాళ్ళకు పిండి రుబ్బడం మానేసింది. టీ, బిస్కెట్లు మిగిలాయి. "సర్కారు వీళ్ళకు కేకు పెట్టి నా పొయ్యి ఆర్పింది" అని హల్బీలో అంది ఒకసారి. కోపంగా కూడా అనలేదు. గిన్నెలు కడుగుతూ అంది.

రెండో మార్పు రద్దులు. ఆలస్యంగానైనా వచ్చే విమానం ఇప్పుడు రావడమే మానేసిన రోజులు పెరిగాయి.

ఒక వానాకాలపు రోజు సంగతి చెప్తాను. ఆ రోజు నేను డ్యూటీకి వచ్చేసరికే గేటు బయట భార్యాభర్తలిద్దరు నిలబడి ఉన్నారు. ఆయనకు యాభై అయిదు ఉంటాయేమో. మడతల గీతలు పోని కొత్త తెల్లచొక్కా. ఆమె పచ్చ చీర మోకాళ్ళకు కొంచెం కింద దాకా కట్టుకుని, గుడ్డసంచీ గుండెలకు ఆనించుకుని ఉంది. గేటు దగ్గర సిపాయి హిందీలో అడుగుతుంటే ఆయన టికెట్ కాగితం చూపిస్తూ తెలుగులో జవాబు చెబుతున్నాడు. నేను వెళ్ళి లోపలికి తీసుకొచ్చాను.

"ఏ ఊరన్నా?" అన్నాను.

"ఉసూర్ అవతల పల్లెమ్మా. నిన్న పొద్దున బయలెల్లినం. బిజాపూర్ వచ్చి, ఆడ్నించి ఈడికి బస్సు. రాత్రి మా ఊరోళ్ళ పిలగాడు ఈడ కూలి చేస్తడు, ఆళ్ళ గదిల పండుకున్నం."

నేను ఆశ్చర్యపోయాను. ఉసూర్ వైపు నుంచి హైదరాబాదు పోవాలంటే కిందికి, తెలంగాణ దిక్కు దిగాలి. వీళ్ళు దానికి ఎదురు దిక్కున ఒక రోజంతా ప్రయాణం చేసి పైకి వచ్చారు. ఆ మాటే అన్నాను.

ఆయన నవ్వాడు. "నాకు తెల్వదా అమ్మా! మిరపకాయ కోతలకు చర్ల దిక్కు ఎన్నిసార్లు పోలే. అడివిలకెల్లి నడుచుకుంట పోయేటోళ్ళం. హైదరబాదు గూడ ఒకపారి బస్సుల పోయిన. మా బిడ్డ ఆడ నర్సు చదువు చదివింది. రేపు పొద్దున పండగంట వాళ్ళ కాలేజీల. చదువు అయిపోయినోళ్ళకు కాగితం ఇస్తరు, అమ్మానాయినల గూడ పైకి పిలుస్తరంట. దానికి పట్టుదల, మీరు విమానంలనే రావాలె అని. అదే టికెట్ కొని పంపింది."

ఆమె మా మాటలు వింటూ ఉంది. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. నేను దోర్లీలో పలకరించగానే ముఖమంతా విప్పారింది. సంచీలో ఏముందో చూపించింది. చారపప్పు, ఎండబెట్టిన పుట్టగొడుగులు, కూతురికి ఇష్టమని ఆకులో చుట్టిన చింతపండు. తనిఖీ దగ్గర సంచీ యంత్రంలోకి వెళ్ళిపోతుంటే ఆమె దానితోపాటు రెండడుగులు నడిచింది, అవతలివైపు బయటికొచ్చాక గాని ఊపిరి తీసుకోలేదు.

ఆ పొద్దున నిజంగానే మబ్బు పట్టి ఉంది. రన్‌వే అవతలి చెట్లు కనబడటం లేదు. మొదటి కబురు వచ్చింది. నేను మైకు తీసుకుని మూడు భాషల్లో చెప్పాను: వాతావరణం కారణంగా అరగంట ఆలస్యం. ఆయన కిటికీలోంచి చూసి తలూపాడు. మబ్బు ఆయనకూ కనబడుతోంది కనక ఏ అనుమానమూ లేదు.

అరగంట అయ్యాక ఇంకో అరగంట చెప్పాను. అప్పుడూ తలూపాడు. మూడోసారి చెప్పి మైకు పెట్టేస్తుంటే ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, అరగంటల వస్తదంటివి."

"అవునన్నా. అలాగే చెప్పారు."

"ఆ అరగంట అయినంక?"

లోపలికి వెళ్ళి తెర చూశాను. విమానం ఇంకా వేరే ఊళ్ళో ఉంది. అది హైదరాబాదు రావాలి, మనుషులు ఎక్కాలి, ఇక్కడికి రావాలి. ఏ లెక్కన చూసినా అరగంట కాదు. మేనేజరుతో అన్నాను: "ఆ ఉసూర్ వాళ్ళకు రేపు పొద్దున్నే పని. కోంటా మీదుగా పోయే బస్సు ఇంకాసేపట్లో ఉంది. ఉన్న సంగతి చెప్తే దానికైనా పోతారు. చెప్పమంటావా?"

అతను నుదురు రుద్దుకున్నాడు. "తెర మీద అరగంటే ఉందక్కా. మైకులో వేరే మాట చెప్తే రేపు నన్ను అడుగుతారు. మైకులో వద్దు. మీరు వెళ్ళి మామూలుగా మాట్లాడండి, నేనేం వినలేదు."

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "అన్నా, నా మాట విను. ఇది ఎప్పుడొస్తుందో నాకు నమ్మకం లేదు. ఇప్పుడు లేచి బస్టాండుకు పోతే హైదరాబాదు బస్సు దొరుకుతుంది. కోంటా, భద్రాచలం మీదుగా. తెల్లారకముందే దిగుతారు."

ఆయన నా వంక, మైకు వంక మార్చి మార్చి చూశాడు. "నువ్వే గదా అమ్మా ఇప్పుడు అరగంట అన్నది? ఆడ ఒక మాట, ఈడ ఒక మాట అంటే ఎట్ల?"

"అది వాళ్ళు చెప్పమన్న మాట. ఇది నా మాట" అన్నాను.

జేబులోంచి టికెట్ కాగితం తీసి చూశాడు. "మేమే లేచిపోతే బిడ్డ కొన్న టికెట్ ఏమైతది?"

"పోతుంది. విమానం రద్దయితేనే వాపసు వస్తుంది. మీ అంతట మీరు వెళ్ళిపోతే రాదు."

భార్యకు దోర్లీలో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కూతురు ఎంత కష్టపడి కొన్నదో, అది వదిలేసి ఎలా పోతాం అంది. ఫోన్‌లో కూతురిని అడిగారు. ఆ అమ్మాయికి అక్కడ తన ఫోన్‌లో కూడా అరగంట అనే కనబడుతోంది. "అరగంటే కదా నాయినా, ఉండండి" అంది. వాళ్ళు కూర్చున్నారు. కోంటా బస్సు వెళ్ళే వేళ నా కళ్ళముందే దాటిపోయింది.

తర్వాత తిండి హద్దు వచ్చింది. కేకు ముక్కలు, రసం డబ్బాలు పంచాం. ఆమె తన వాటా, ఆయన వాటా రెండూ సంచీలో పెట్టుకుంది, కూతురికి ఇద్దామని. పొద్దుటినుంచి వాళ్ళు ఏమీ తినలేదని నాకు అప్పుడు తెలిసింది. కాంటీనామెతో చెబితే రెండు టీలు, ఇంటినుంచి తన కోసం తెచ్చుకున్న రొట్టెలూ పెట్టింది. ఆ రొట్టెల్ని మాత్రం ఇద్దరూ ఆబగా తిన్నారు.

ఈలోగా మబ్బు విడిపోయింది. ఎండ వచ్చింది, వానాకాలంలో వచ్చే ఆ చురుక్కుమనే ఎండ. రన్‌వే మీద తడి ఆవిరై పైకి లేస్తోంది. అవతలి చెట్లు ఆకు ఆకూ కనబడుతున్నాయి. ఇక వస్తుందేమో అని నాక్కూడా ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడు రద్దు కబురు వచ్చింది. కారణం దగ్గర వాతావరణం అని ఉంది.

మైకు పట్టుకుని కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను. వాతావరణం అనుకూలించనందున అని చదువుతుంటే ఎండ నా ముందు నేల మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. ఎవరో నవ్వారు. నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో గుత్తపనులు చేసే ఒక ఆయన లేచి నిలబడి, "బాహర్ దేఖియే మేడమ్! కహాఁ హై ఖరాబ్ మౌసమ్?" అని అరిచాడు, బయట చూడండి, వాతావరణం ఎక్కడ చెడిందని. అరిచి, కారు మాట్లాడుకుని రాయ్‌పూర్ వెళ్ళిపోయాడు, అక్కణ్ణించి వేరే విమానం ఎక్కడానికి. కారు మాట్లాడుకోగలిగినవాళ్ళు అందరూ అలాగే వెళ్ళిపోయారు. అరవడానికి ఓపిక లేనివాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

మేనేజరు గదిలోకి వెళ్ళాను. అతను నేను అడగకముందే చెప్పాడు.

"ఇప్పుడు ఇక్కడికి వచ్చి వెళ్తే ఆ విమానం సాయంత్రం దాకా తిరగాల్సిన ఊళ్ళన్నిట్లోనూ ఆలస్యమవుతుందక్కా. అన్ని చోట్లా తిండి, అన్ని చోట్లా వాపసు, అన్నీ లెక్కలోకి ఎక్కుతాయి. మనది ఒక్కటి కొట్టేస్తే మిగతావన్నీ వేళకు వెళ్తాయి. పొద్దున మబ్బు పట్టిన మాట అబద్ధం కాదు కదా."

అతని మీద కోపం రాలేదు నాకు. చెబుతున్నప్పుడు అతని గొంతులో సమర్థించుకునే బలం కూడా లేదు.

బయటికొస్తే ఉసూర్ ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. రద్దు అన్నది ఆయనకు అర్థం కాలేదు. ఇంకో రకం ఆలస్యం అనుకున్నాడు.

"ఇంక రాదా?"

"ఇవాళ రాదన్నా."

"రేపు పొద్దుగాల?"

"రేపు లేదు. ఎల్లుండే మళ్ళీ. కావాలంటే ఆ రోజు ఎక్కిస్తారు. లేదా టికెట్ డబ్బు మీ అమ్మాయికి వాపసు పంపిస్తారు. రెండిట్లో ఏదంటే అది."

ఆయన భార్యకు చెప్పాడు. ఆమె చాలాసేపు సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ ఉండి, చిన్న గొంతుతో ఏదో అడిగింది. నాకు వినబడింది గాని ఆయన మళ్ళీ తెలుగులో చెప్పాడు, నాకు అర్థం కాలేదేమోనని.

"మేమేమన్న తప్పు చేసినమా, అందుకే ఎక్కనియ్యలేదా అని అడుగుతున్నది."

కాదు వదినా, మీ తప్పేం లేదు అని దోర్లీలో చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు.

విమానం లేకపోతే నాకు డ్యూటీ లేదు. వాళ్ళతోపాటు ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్ళాను. సాయంత్రం బస్సు బిజాపూర్, భోపాలపట్నం మీదుగా హైదరాబాదు పోతుంది. రద్దయిన విమానం టికెట్లున్నవాళ్ళు కొందరు అప్పటికే ఫోన్లలో సీట్లు పట్టేశారు. ట్రావెల్స్ కౌంటరు మీద కూర్చునే ఆయన భోపాలపట్నం కోమటి, మా అమ్మవైపు దూరపు చుట్టం. "అక్కా, వెనక చక్రం మీద రెండే ఉన్నయి. కుదుపు తట్టుకుంటరా వాళ్ళు?" అన్నాడు. తట్టుకోక ఏం చేస్తారు?

బస్సు కోసం కూర్చున్నప్పుడు అమ్మాయి ఫోన్ చేసింది. తండ్రి ఫోన్ నాకిచ్చాడు.

"ఆంటీ, పొద్దున పదింటికి ఫంక్షన్. అప్పటికి వస్తారా?"

"వస్తారమ్మా. బస్సు తెల్లారేసరికి చేరుతుంది."

"అమ్మకు బస్సు పడదు ఆంటీ. కక్కుకుంటుంది. అందుకే విమానం తీసుకున్నాను."

ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. ఒక నిమ్మకాయ కొని ఆమె చేతిలో పెట్టాను. బస్సు కదులుతుంటే ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "పోయొస్తం చెల్లె" అన్నాడు. పొద్దుటినుంచి అమ్మా అన్నవాడు చెల్లె అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి నాకే ఫోన్ చేసింది. తండ్రి దగ్గర నంబరు తీసుకుందట. వాళ్ళు రాలేదు. బిజాపూర్ చేరకముందే వాగు పొంగి రోడ్డు మీదకు వచ్చింది, బస్సులు వరసగా ఆగిపోయాయి. తల్లి వాంతులతో లేవలేకపోయింది. నీళ్ళు తగ్గి బస్సు బిజాపూర్ చేరేసరికి తెల్లవారింది. ఇక ఫంక్షన్‌కు అందేది లేదు. ఇంటికి పోయే జీపు అక్కడే నిలబడి ఉంది. ఆయన భార్యను దింపుకుని ఆ జీపు ఎక్కేశాడు.

"స్టేజీ మీద నా పేరు పిలిచినప్పుడు మా వార్డెన్ మేడమ్ వచ్చి నా పక్కన నిలబడింది ఆంటీ" అంది. "నేను మిమ్మల్ని తిట్టడానికి చెయ్యలేదు. ఒక్కటి అడుగుతాను. రాదని పొద్దున్నే తెలుసు కదా మీకు? తెలిసినప్పుడు చెప్పడానికేంటి? కోంటా మీద బస్సెక్కినా వచ్చేసేవాళ్ళు. ఏమీ లేకపోయినా, అసలు మొదటే చర్ల మీదనుంచి రమ్మని ఉంటే ఇంటినుంచి సగం రోజు తక్కువ. నేనే విమానం అన్నాను. నాకు వాపసు వచ్చిందని మెసేజ్ పెట్టారు. ఆ డబ్బు నేనేం చేసుకోను?"

నేను చెప్పానమ్మా, వాళ్ళు నమ్మలేదు అనవచ్చు. అది నిజం కూడా. అనబుద్ధి కాలేదు. నా గొంతే పై నుంచి ఇంకో అరగంట అని చెబుతుంటే పక్కన కూర్చుని నేను చెప్పిన మాట ఎవరు మాత్రం నమ్ముతారు? "అమ్మ ఎలా ఉంది?" అని మాత్రం అడిగాను. పడుకుందట.

జరిగింది మేనేజరుకు చెప్పాను. అతను నగరంలోని ఆఫీసుకు రాశాడు, రాసింది నాకు చూపించాడు కూడా. జవాబు మర్యాదగానే వచ్చింది. ప్రయాణికులకు నియమం ప్రకారం ఇవ్వవలసినవన్నీ ఇచ్చాం, ఏ లోపమూ జరగలేదు అని. నిజమే. తిండి ఇచ్చారు. వాపసు ఇచ్చారు. వేరే రోజు ఎక్కిస్తామన్నారు. నియమంలో రాసిన ప్రతి మాటా జరిగింది.

కొన్నాళ్ళకు ఇంకో జవాబు వచ్చింది, అడగకుండానే. మా ఊరి విమానాల ఆలస్యాలు బాగా తగ్గాయని మెచ్చుకుంటూ. రద్దయిన విమానం ఆలస్యమైన విమానాల్లోకి రాదు కదా. మేనేజరు అది చదివి కంప్యూటరు కట్టేసి బయటికెళ్ళి ఎండలో నిలబడ్డాడు. ఆ తర్వాత వారంలో విమానం వచ్చే రోజులు తగ్గించారు. ఈ దారిలో రద్దులు ఎక్కువ, జనం నమ్మి టికెట్లు కొనడం లేదు అన్నారు. జనం ఎందుకు నమ్మడం లేదో అక్కడ ఎవరికీ తెలియక కాదు. మేనేజరుకు పెద్ద ఊరికి బదిలీ అయింది. ఇప్పుడు కొత్తగా వచ్చినావిడ మంచిదే, ఆమె తెర మీదా అవే అరగంటలు.

ఆ నియమం రాసినవాళ్ళను నేనెప్పుడూ తిట్టుకోలేదు. వాళ్ళ మనసులో ఉన్నది పెద్ద ఊరి విమానాశ్రయం అయి ఉంటుంది. అక్కడ ఒకటి పోతే గంటలో ఇంకోటి. వేరే విమానం చూపించండి అంటే అక్కడ దానికో అర్థం ఉంది. మాకు వేరే విమానం లేదు. ఉన్న ఒక్కదాన్నీ ఆలస్యంగానైనా రానివ్వాల్సింది. ఆ మాట ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. చెప్పగలిగినంత మందికి చెప్పి అలసిపోయాను.

ఇప్పుడు నేను చేసేది ఒకటే. మొదటి ఆలస్యం చదివాక మైకు పెట్టేసి కుర్చీల మధ్యకు వెళ్తాను. ఎక్కడికి, ఎందుకు పోతున్నారో అడుగుతాను. తొందర ఉన్నవాళ్ళకు ఏ బస్సు ఎప్పుడుందో, రోడ్డు ఎలా ఉందో చెప్తాను, వాళ్ళ భాషలో. కొందరు లేచి వెళ్తారు. వాళ్ళు వెళ్ళాక విమానం వచ్చిన రోజులూ ఉన్నాయి. మర్నాడు వాళ్ళ ఫోన్లు నాకు. కొందరు మొదటే కసురుకుంటారు, ప్రయాణికుల్ని తరిమేయడానికి పెట్టారా నిన్ను అని. మా ఆయన మానెయ్యమంటాడు. దుకాణంలో కూర్చుంటే కనీసం చెప్పులు అడిగినవాళ్ళకు చెప్పులు ఇవ్వొచ్చు అంటాడు. నాకూ అనిపిస్తుంది. మళ్ళీ పొద్దున్నే చీర కట్టుకుని బయలుదేరతాను.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు సిపాయి నన్ను పిలిచాడు, ఎవరో వచ్చారని. వెళ్తే ఉసూర్ ఆయన. కంటిచూపుకని పెద్దాసుపత్రికి వచ్చాడట, కొత్త కళ్ళద్దాలు ముక్కు మీద జారుతున్నాయి. టికెట్ లేదు కనక లోపలికి రానివ్వరు. గేటు బయట టీ బండి దగ్గర కూర్చున్నాం.

"వదిన ఎలా ఉంది?" అని అడిగాను.

"మంచిగున్నది. బిడ్డకు భద్రాచలంల ఆసుపత్రిల పని దొరికింది చెల్లె. చర్ల మీదికెల్లి పొద్దున పోతే పొద్దు గూకకముందే మళ్ళొస్తం. మీ వదిన ఎప్పుడు చూసినా ఆడనే ఉంటది, బిడ్డ కాడ."

"బస్సు పడుతుందా ఆమెకు?"

"ముంగట కూసోబెడితే పడతది. వెనక చక్రం మీద అయితేనే బాధ."

ఆ అమ్మాయి నా మీద ఇంకా కోపంగా ఉందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయనే అన్నాడు, "బిడ్డ నిన్ను అడిగిన అని చెప్పమన్నది" అని.

ఆ రోజు విమానం పెద్దగా ఆలస్యం లేకుండానే వచ్చింది. చప్పుడు వినబడగానే ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. కంచెలోంచి చూస్తూ నిలబడ్డాడు. అది దిగి, మలుపు తిరిగి, రెండు రెక్కల కింద పంకాలు తిరుగుతూ మా వైపు వచ్చింది. కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు.

"ఇంతే."

"మా బిజాపూర్ బస్సంత ఉన్నది" అని కాసేపు చూసి, "ఎగిరిందాక చూసి పోత" అన్నాడు.

నన్ను లోపలికి పిలిచారు. ఎక్కేవాళ్ళను వరసలో నిలబెట్టి, మూడు భాషల్లో చెప్పాల్సినవి చెప్పి, విమానం వెళ్ళాక బయటికి వచ్చేసరికి టీ బండి దగ్గర ఎవరూ లేరు. బిజాపూర్ బస్సుకు వేళయిందని వెళ్ళిపోయాడట. టీలకు తనే ఇచ్చేశాడని బండివాడు చెప్పాడు.